పాకంలో మూడువందల పన్నెండు వెంట్రుకలు

మనుషుల ఒంటిమీది వెంట్రుకలు ఇంతకాలం ఏ ప్రభుత్వ శాఖ కిందికీ రాకుండా ఎలా తప్పించుకున్నాయో ఎవరికీ తెలియదు. చెట్లకి అటవీ శాఖ ఉంది, చేపలకి మత్స్య శాఖ ఉంది, వెంట్రుకలకి మాత్రం దిక్కూ దివాణం లేకపోయింది. ఆ లోటు తీర్చడానికి వెలసిందే రాష్ట్ర రోమ నివారణ సేవల క్రమబద్ధీకరణ మండలి. వెలసిన మూడు నెలలకే దానికి జిల్లాకొక కార్యాలయం, కార్యాలయానికొక అధికారి, అధికారికొక గుండ్రటి ముద్ర సమకూరాయి. ఇక రావలసింది పని ఒక్కటే. మండలి ఆ పనిని వెతుక్కుంటూ బయల్దేరి, మండపేట మార్కెట్ వీధిలో పుష్కరవేణి నడుపుతున్న బ్యూటీ పార్లర్ దగ్గర ఆగింది.

గోదావరి పుష్కరాల్లో పుట్టింది కాబట్టి ఆవిడకి ఆ పేరు పెట్టారు. ఊరంతా వేణి అనే పిలుస్తారు. తాఖీదు అందేసరికి వేణి ఒక టీచరమ్మ చేతికి చక్కెర పాకం పులుముతోంది. చేతులు కడుక్కుని వచ్చి చదువుకుంది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమ సంస్థయందు రోమ నివారణ నిమిత్తము అవలంబించుచున్న పద్ధతి, ఏడవ నమూనా పత్రమునందలి (అ) క్షుర పద్ధతి, (ఆ) సంప్రదాయ వాక్సింగ్ పద్ధతి అను రెంటియందును చేరక, (ఇ) ఇతరములు అను గడియందు పడియున్నది. ఇతరములను మండలి ఇంతవరకు ఆమోదించియుండలేదు. ఈ నెల ముప్పదవ తేదీలోగా ఆమోదము పొందనియెడల తమ దుకాణమునకు సీలు వేయబడును."

వెనక వంటగదిలో గరిటె చప్పుడు వినిపిస్తూనే ఉంది. అక్కడ అత్తగారు అచ్చియ్యమ్మ రెండో వాయి పాకం దించుతోంది.

ఆ పాకం సంగతి చెప్పుకోవాలి. వేణి మొదట్లో అందరిలాగే వాక్సింగే చేసేది. కరిగించిన మైనం వెంట్రుకలు వాలిన వైపుగా పూసి, పైన గుడ్డపట్టీ అంటించి, ఎదురుగా ఒక్క లాగు లాగితే వెంట్రుకలతో పాటు పై ప్రాణాలు కూడా వచ్చేసేవి. ఒక ఎండాకాలం మైనం వేడెక్కువై పోస్టాఫీసు అమ్మాయి చెయ్యి బొబ్బలెక్కింది. ఆ పిల్ల ఏమీ అనలేదు గానీ వేణికి రెండు రోజులు అన్నం సహించలేదు. బెజవాడ వెళ్ళి మూడు రోజులు ట్రైనింగ్ తీసుకుని షుగరింగ్ నేర్చుకొచ్చింది. చక్కెర, నిమ్మరసం, నీళ్ళు, అంతే. పాకం పట్టి, గోరువెచ్చగా చల్లార్చి, ముద్దలా పిసికి, వెంట్రుకలకి ఎదురుగా పూసి, అవి వాలిన వైపుకే చటుక్కున లాగాలి. మిగిలినది నీళ్ళతో కడిగితే పోతుంది. వినడానికి సులువే. ఇంటికొచ్చి పట్టిన మొదటి పాకం మోచేతి దాకా కారింది, రెండోది రాయి అయి కూర్చుంది. మూడోసారి అచ్చియ్యమ్మ వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏంటమ్మాయ్, అరిసెల పాకం కంటే రవ్వంత ముదురు. ఇంతేగా నీక్కావల్సింది? లే, పక్కకి జరుగు."

అచ్చియ్యమ్మ ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పెళ్ళిసారెల అరిసెలన్నిటికీ పెద్ద దిక్కు. పాకం చుక్క పళ్ళెంలో నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, పళ్ళేనికి కొట్టి టంగుమన్న చప్పుడు విని "దించండి" అంటే దించేవారు. తర్వాత జనం సారెలు స్వీటు షాపుల్లో కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆవిడని పిలిచేవాళ్ళు లేకపోయారు. ఇత్తడి గిన్నె అటకెక్కింది, ఆవిడ వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఆటోలు లెక్కపెట్టుకునేది. ఈ షుగరింగ్ వచ్చాక రోజూ పొద్దున్నే తలారా స్నానం చేసి పొయ్యి వెలిగిస్తోంది. పార్లరు మూతబడితే ఆవిడ మళ్ళీ ఆ అరుగు మీదికే వెళ్తుంది. సీలు అనే మాట చదవగానే వేణికి ముందు గుర్తొచ్చింది అదే.

మర్నాడే బస్సెక్కి జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి అధికారి గుర్నాథంగారు. ఆయనకి చేతుల మీదా, మెడ మీదా, చెవుల్లోంచీ కూడా వెంట్రుకలు ఒత్తుగా ఉన్నాయి. మండలి ఆయన్ని ఏరికోరి వేసిందనిపించింది.

"మీది కొత్త ప్రక్రియ" అన్నారాయన. "సంప్రదాయ వాక్సింగ్‌తో సరితూగుతుందని నిరూపించబడవలసి యున్నది."

"వాక్సింగ్ మనూరొచ్చి పాతికేళ్ళు కూడా అవలేదండి. ఈ పాకం పద్ధతి వేల ఏళ్ళదని మా ట్రైనింగ్ మేడమ్ చెప్పారండి. ఎక్కడో ఎడారి దేశాల్లో రాణులు కూడా ఇదే చేయించుకునేవారంట."

"వారికి లైసెన్సు ఉండేదా?"

"తెలీదండి."

"మరి!" అని గుర్నాథంగారు కుర్చీలో వెనక్కి వాలారు. "సంప్రదాయమంటే నియమావళి అచ్చయిన నాటికి నియమావళిలో ఉన్నది. మీ రాణులు అందులో లేరు. తులనాత్మక పరీక్ష జరుగుతుంది. ఒకే వ్యక్తి, ఎడమచేతికి వాక్సింగ్, కుడిచేతికి మీ పాకం. సదరు వ్యక్తి వెంట్రుకలు సమృద్ధిగా గల ప్రభుత్వోద్యోగి అయి ఉండవలెనని పదిహేడో నియమం."

ఆ మాట అనేసరికి గదిలో గుమాస్తాలందరూ ఆయన వైపు చూశారు. గుర్నాథంగారు చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

పరీక్ష పన్నెండో తేదీన కార్యాలయంలోనే పెట్టారు. నొప్పిని కూడా నమోదు చేయాలని నియమం. నొప్పిని కొలిచే సాధనం ప్రభుత్వం దగ్గర లేదు. లౌడ్‌స్పీకర్ల చప్పుడు కొలిచే యంత్రం మాత్రం ఒకటి ఏదో శాఖలో ఖాళీగా ఉంటే అరువు తెచ్చి, గుర్నాథంగారి నోటికి జానెడు దూరంలో నిలబెట్టారు.

ముందు ఎడమచెయ్యి. వేణి మైనం పూసి, పట్టీ అంటించి, "ఊపిరి బిగబట్టండి సార్" అని లాగింది. గుర్నాథంగారు పెట్టిన కేకకి కింద అంతస్తులో రిజిస్ట్రేషన్ కోసం వచ్చిన పెళ్ళికొడుకు సంతకం వంకరపోయింది. యంత్రం తొంభై ఆరు చూపించింది. ఆ తర్వాత కుడిచెయ్యి. వేణి పాకం ముద్ద తీసి, పులిమి, చటుక్కున లాగింది. గుర్నాథంగారు కళ్ళు గట్టిగా మూసుకుని అలాగే కూర్చున్నారు.

"మొదలుపెట్టండి" అన్నారు.

"సగం అయిపోయిందండి."

యంత్రం నలభై ఒకటి చూపించింది. అది ఫ్యాను చప్పుడు.

చెయ్యి పూర్తయ్యాక గుర్నాథంగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఆయన ముఖంలో ఒక్క క్షణం చిన్నపిల్లాడి సంబరం కనిపించింది. వెంటనే దాన్ని అణుచుకుని నివేదిక చెప్పడం మొదలుపెట్టారు. "వాక్సింగ్ నందు సేవ జరిగినట్లు తొంబదియారు ప్రమాణముల ధ్వని సాక్ష్యము కలదు. చక్కెర పాకమునందు ధ్వని లేనందున, సేవ జరిగినట్లు నిర్ధారించుటకు వీలుపడదు."

"అదేంటండీ! చెయ్యి చూడండి, నున్నగా ఉందిగా!"

"చెయ్యి చూడమని పత్రంలో గడి లేదమ్మా."

అంతగా కావాలంటే వస్తురూప సాక్ష్యం భద్రపరచవచ్చని పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. వాడిన మైనం పట్టీని వాక్సింగ్ దస్త్రంలో పెట్టారు. వాడని పాకం ఒకటో డబ్బాలో, ఆయన చేతి మీంచి తీసిన పాకం రెండో డబ్బాలో వేసి, రెంటికీ లక్క వేశారు. మైనం పట్టీ దస్త్రంలో కాగితాలన్నిటినీ అతికించేసింది. ఎవరు ఎంత లాగినా అది తెరుచుకోలేదు. దస్త్రంలో అభ్యంతరాలేవీ చదవడానికి దొరకనందువల్ల వాక్సింగ్‌కి ఆ సాయంత్రమే మరోసారి ఆమోదం వచ్చేసింది.

పాకం దస్త్రం మాత్రం హాయిగా తెరుచుకుంది. అందులో వేణి రాసిన పదార్థాల జాబితా ఉంది. చక్కెర, నిమ్మరసం, నీళ్ళు. గుర్నాథంగారు దాన్ని చదివి కళ్ళజోడు తీశారు.

"ఇవన్నీ తినే వస్తువులు. పొయ్యి మీద వండుతున్నారు. గరిటె వాడుతున్నారు. ఇది ఆహారం. ఆహార శాఖ వారి అభిప్రాయం కోరడమైనది."

అలా రెండు డబ్బాలూ ఆహార తనిఖీ అధికారి కోదండపాణిగారి బల్ల మీదికి చేరాయి. డబ్బాల మీద 'ఒకటి', 'రెండు' అనే అంకెలు తప్ప వేరే ఏమీ లేవు. ఏది ఎక్కడిదో రాస్తే పరీక్షలో పక్షపాతం దొర్లుతుందట.

మూడు రోజుల తర్వాత కోదండపాణిగారు వంటగది తనిఖీకి మండపేట వచ్చారు. ఆయన నున్నటి గుండు మనిషి. దాని మీద వంటవాళ్ళు పెట్టుకునే వలటోపీ పెట్టుకుని, వేణికీ అత్తగారికీ చెరొకటి ఇచ్చారు. పొయ్యి చూశారు, గిన్నె చూశారు, శాకాహారమని ఆకుపచ్చ చుక్క ఎక్కడా లేదేమని అడిగారు.

"రోజుకు ఎంతమందికి వడ్డిస్తారు?"

"వడ్డించడం కాదండి, పూస్తామండి."

"పత్రంలో వడ్డన అనే ఉంది. ఎంతమందికి?"

"పదిమందికండి" అంది వేణి.

అచ్చియ్యమ్మ అప్పుడే దించిన పాకంలోంచి చిన్న ఉండ తీసి ఆకులో పెట్టి అందించింది. "నోట్లో వేసుకోండి బాబూ. ఎండలో వచ్చారు. నిమ్మకాయ వేసిందే, చలవ చేస్తుంది."

కోదండపాణిగారి కళ్ళు ఆ ఉండ మీద ఆగాయి గానీ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "లేదమ్మా. నేను ఎక్కడపడితే అక్కడ రుచి చూడను. లక్కవేసి వచ్చిన నమూనాను కార్యాలయంలో, నియమానుసారం మాత్రమే చూస్తాను. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా తప్పలేదు."

ఇరవై నాలుగో తేదీన, పన్నెండు గడుల పరీక్ష నివేదికతో సహా ఆయన ఉత్తర్వు వచ్చింది. మొదటి డబ్బా నిర్దోషి. "రెండవ డబ్బాలోని ఆహారమునందు మూడువందల పన్నెండు వెంట్రుకలు కనుగొనబడినవి. ఒక్క వెంట్రుక ఉన్నను ఆహారము నిషిద్ధము. అయినను, స్వయం ఉపాధిని ప్రోత్సహించు ప్రభుత్వ విధానమును దృష్టియందుంచుకొని, షరతుతో కూడిన అనుమతి ప్రతిపాదించడమైనది. ఇకమీదట సదరు పాకమును ఒంటిపై వెంట్రుకలు లేనివారికి మాత్రమే పూయవలెను. ప్రతి వినియోగదారు తనకు వెంట్రుకలు లేవని ప్రభుత్వ వైద్యునిచే ధ్రువపత్రము తేవలెను. అభ్యంతరములున్నచో ఇరవై తొమ్మిదవ తేదీన ఉభయ శాఖల సమక్షమున విన్నవించుకొనవచ్చును."

వేణి ఉత్తర్వుని రెండుసార్లు చదివింది. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. వెంట్రుకలు లేని వాళ్ళు వెంట్రుకలు తీయించుకోడానికి ఎందుకొస్తారు? అపాయింట్‌మెంట్ల పుస్తకం తిరగేస్తే అన్నీ మామూలు మనుషుల పేర్లే. వచ్చే ముహూర్తానికి ముగ్గురు పెళ్ళికూతుళ్ళున్నారు. ఒక్కరికి కూడా వైద్యుడు అలాంటి కాగితం ఇవ్వడు.

లోపలికి వెళ్ళేసరికి అచ్చియ్యమ్మ ఇత్తడి గిన్నెని చింతపండుతో తళతళలాడేలా తోమి, గుడ్డలో మూట కడుతోంది.

"అదేంటి అత్తయ్యగారూ?"

"అటకెక్కించేద్దామనమ్మాయ్. వాళ్ళొచ్చి సీలేస్తే లోపలే ఉండిపోద్ది. నా పుట్టింటి గిన్నె." ఆవిడ మూట ముడి వేస్తూ తల ఎత్తలేదు. "నా పాకంలో వెంట్రుకలున్నాయన్నారంటగా? యాభై ఏళ్ళు పట్టాను. ఒక్కనాడు ఒక్కరు వంక పెట్టలేదు."

షాపు పోతుందన్న బాధ కంటే ఆ మాట వేణిని ఎక్కువగా కోసింది. మూట విప్పి గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. "ఇరవై తొమ్మిదిన మీరు కూడా రండి. ఎవరి పాకంలో ఏముందో వాళ్ళ ముఖం మీదే అడుగుదాం."

ఇరవై తొమ్మిదిన గుర్నాథంగారు, కోదండపాణిగారు పొడవాటి బల్లకి అటువైపు కూర్చున్నారు. గుర్నాథంగారి ఎడమచేతి మీద వాక్సింగ్ తాలూకు ఎర్రటి పొక్కులు ఇంకా పూర్తిగా తగ్గలేదు. కుడిచేతిని మాత్రం ఆయన ఊరికే నిమురుకుంటూ కూర్చున్నారు. ఇటువైపు వేణి, పక్కన పట్టుచీర కట్టుకుని అచ్చియ్యమ్మ కూర్చున్నారు.

"సార్, వెంట్రుకలు మా పాకంలోంచి రాలేదండి" అంది వేణి. "వెంట్రుకలు తియ్యడానికే కదండీ పాకం. అభ్యంతరాలు అనే పన్నెండో గడిలో ఆ మాట రాయమంటానండి."

కోదండపాణిగారు చెయ్యెత్తారు. "నేరుగా పన్నెండో గడికి వెళ్ళడం కుదరదమ్మా. నివేదికను మొదటి గడి నుంచి వరసగా చదవాలి. గడులు దాటకూడదు."

వేణి ఉసూరుమని కాగితం అందుకుని రెండో డబ్బా నివేదిక బిగ్గరగా చదవసాగింది. "ఒకటో గడి, రంగు. తేనెరంగు. రెండో గడి, వాసన. నిమ్మవాసన. మూడో గడి, రుచి…" అక్కడ ఆగింది. ఇంట్లో చదివినప్పుడు పదకొండో గడిలో వెంట్రుకల లెక్క తప్ప మరేదీ కంటికి ఆనలేదు. ఇప్పుడు మెల్లగా చదివింది. "రుచి. తీపి. వెనుక పులుపు. చివరగా స్వల్పముగా ఉప్పన. మొత్తముమీద ఆహ్లాదకరము."

అచ్చియ్యమ్మ కుర్చీలో ముందుకి వంగింది. "ఉప్పు నేను వెయ్యను బాబూ. పాకంలో ఉప్పేంటి? ఆ రెండో డబ్బాలోది ఎక్కడిది?"

"పరీక్షనాడు నా కుడిచేతి మీంచి తీసినదమ్మా" అన్నారు గుర్నాథంగారు, చెయ్యి ఎత్తి చూపిస్తూ. "ఆ రోజు బాగా ఉక్కగా ఉంది."

"అంటే వడ్డించింది కాదు, వాడేసింది. ఎంగిలి." అచ్చియ్యమ్మ వేలు బల్ల మీద పెట్టింది. "విస్తట్లో పెట్టాక తిన్నవాడు కలిపాడో, కెలికాడో, అందులో వెంట్రుకే రాలిందో, వండినావిడనా అడిగేది? ఎంగిలి విస్తరి తీసుకెళ్ళి తనిఖీ చేసినోళ్ళని నేనింతవరకు చూళ్ళేదు నాయనా. సరేగానీ, దాని రుచి చూసిందెవరు?"

గదిలో ఫ్యాను నలభై ఒకటో ప్రమాణంలో తిరుగుతోంది. వేణి కాగితం అడుగున చూసి, వీలైనంత వినయంగా చదివింది. "రుచి పరీక్షించినవారు, కోదండపాణి. స్వహస్తము."

కోదండపాణిగారి ముఖం మొదట ఎర్రగా, తర్వాత తెల్లగా, ఆఖరికి శాకాహారపు చుక్క రంగులోకి మారింది. ఆయన మెల్లగా తల తిప్పి గుర్నాథంగారి కుడిచేతి వైపు చూశారు. గుర్నాథంగారు ఆ చేతిని బల్ల కిందికి దించేశారు.

"రుచి మూడో గడి" అన్నారు కోదండపాణిగారు. "వెంట్రుకలు పదకొండో గడి. మూడో గడి దగ్గర కళ్ళజోడు ఉండదు. గడులు దాటకూడదు."

"ఎన్ని చెంచాలు పరీక్షించమని నియమం సార్?" వేణి అడిగింది. కావాలని అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఒకటి" అన్నారాయన. "నేను మూడు చూశాను."

గుర్నాథంగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గారు. ఆ దగ్గు నవ్వో కాదో యంత్రం లేనందువల్ల నమోదు కాలేదు. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వలేదు. పమిట సర్దుకుని, నెమ్మదిగా అంది. "పోన్లెండి బాబూ. తెలీక జరిగింది. మేం బయట ఎవరికీ చెప్పం. కాగితం మీదున్నది ఎవరైనా చదివితే మాత్రం మమ్మల్ననకూడదు."

ఆ తర్వాత పావుగంట పాటు రెండు శాఖలూ అంతవరకు ఏ విషయంలోనూ చూపించని ఐకమత్యం చూపించాయి. టైపిస్టుని పిలిపించారు. "రెండవ డబ్బా అనునది ఎన్నడును ఉండియుండలేదు. లేని డబ్బాయందు వెంట్రుకలు ఉండుట అసంభవము. మొదటి డబ్బాను బట్టి సదరు పాకము శుచియైనదిగను, శ్రేష్ఠమైనదిగను నిర్ధారించి, బేషరతుగా ఆమోదించడమైనది. వడ్డించిన పిమ్మట పాకమునకు జరుగు పరిణామములు ఎంగిలి కిందకు వచ్చును గనుక ఏ శాఖ పరిధిలోనికిని రావు." గుండ్రటి ముద్ర పడింది. ఒకసారి సరిగా పడలేదేమోనని గుర్నాథంగారు రెండోసారి కూడా వేశారు.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ అచ్చియ్యమ్మ ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రామచంద్రపురం దాటాక వేణి చెవిలో అడిగింది. "శ్రేష్ఠం అని రాశారుగా అమ్మాయ్? ఇంకోసారి చదువు." వేణి చదివింది. మళ్ళీ అడిగితే మళ్ళీ చదివింది.

ముగ్గురు పెళ్ళికూతుళ్ళ చేతులూ ముహూర్తానికి ముందే పూర్తయ్యాయి. గుర్నాథంగారు ఒక ఆదివారం పార్లరు మూసే వేళకి వచ్చి, రెండు చేతులూ ఒకేలా లేకపోతే దస్త్రాల మీద సంతకం సరిగా పడటం లేదని చెప్పి, ఎడమచేతికి కూడా పాకం పూయించుకుని వెళ్ళారు.

మండలి ఊరుకుంటుందా? ఒక పద్ధతిని పన్నెండు గడుల్లో పరీక్షించి, వాక్సింగ్‌ని ఏ గడిలోనూ పరీక్షించకపోవడం సమానత్వానికి విరుద్ధమని తెలుసుకుంది. రాష్ట్రంలోని మైనాలన్నిటినీ అదే పత్రంతో, అదే వరసలో, ఏ గడీ దాటకుండా పరీక్షించాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. రుచి అనుభవమున్న అధికారి జిల్లా మొత్తం మీద ఒక్కరే ఉన్నందువల్ల ఆ బాధ్యత కోదండపాణిగారికి అప్పగించారు. మొదటి విడతగా పద్నాలుగు డబ్బాల మైనం ఆయన బల్ల మీదికి చేరింది. ఆయన అదే రోజు దీర్ఘకాలిక సెలవుకి దరఖాస్తు పెట్టుకున్నారు. దరఖాస్తు కూడా ఏదో గడి ఖాళీగా ఉందని వెనక్కి వచ్చింది.

ఈ కబురు వినగానే అచ్చియ్యమ్మ లేచి పొయ్యి వెలిగించింది. నిమ్మకాయలు నాలుగు ఎక్కువ పిండి, పాకం కాస్త లేతగా దించి, చిన్న చిన్న ఉండలు చేసి, కొత్త స్టీలు డబ్బాలో సర్ది మూత బిగించింది.

"పాపం, మైనం తినాలంటే నోరెంత పాడైపోద్దో! ఆయనకిచ్చి రా అమ్మాయ్" అంది డబ్బా కోడలి చేతిలో పెడుతూ. "ఎవరి చేతికీ పూయనిదని మరీ మరీ చెప్పు."